లియోఁ వెళ్తున్న మా అమ్మడికి

అమ్మడూ,

జనవరిలో నువ్వు ఆరు నెలల చదువుకి ఫ్రాన్సులోని లియోఁ వెళ్తున్నావని మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది. గర్వంగా అనిపించింది, ఆ వెంటనే గుండె గుబేలుమంది. అమెరికాలో పిల్లలకి తెలుగు నేర్పే మనబడిలో తెలుగు చదవడం నేర్చుకున్న పిల్లవి కాబట్టి తెలుగులోనే రాస్తున్నా. ఎక్కడైనా ఆగిపోతే అమ్మని అడుగు. తనకీ తెలియకపోతే నాకు ఫోన్ చెయ్యి. ఫ్రెంచివాళ్ళు 1954లో వదిలి వెళ్ళిన ఈ యానాంలో వాళ్ళ భాషకి పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, ఈ సలహాలు నీకు కాక ఎవరికి చెప్పుకోను?

ముందు చిల్లర సంగతులు. ఆరు నెలలంటే 90 రోజులు దాటుతుంది కనక అమెరికా పాస్‌పోర్టున్నా నీకు దీర్ఘకాల వీసా కావాలి. ధ్రువీకరణ అడిగే రకం వీసా అయితే, అక్కడ దిగిన 3 నెలల్లోపు ఆన్‌లైన్‌లో దాన్ని ధ్రువీకరించుకోవాలి, మర్చిపోకు. తేదీ రాసేటప్పుడు రోజు ముందు, నెల తరవాత. ఒకటో అంకెని వాళ్ళు ఎంత పొడుగు ముక్కుతో రాస్తారంటే నీకు 7లా కనిపిస్తుంది. వాళ్ళ 7కి నడుం మీద అడ్డగీత ఉంటుంది. గీత లేకపోతే ఒకటే అనుకో. మెనూలో ‘ఆఁత్రే’ అంటే భోజనంలో మొదట వచ్చే చిన్న వంటకం. మీ దేశంలో అదే మాట అసలు వంటకానికి వాడతారు, అందుకని అదొక్కటే చెప్పుకుని ఆకలితో లేచిపోయే అమెరికా పిల్లలు ఏటా ఉంటారు.

ఫోన్ నంబరు రెండేసి అంకెలుగా, ఐదు జతల్లో చెప్తారు. ‘స్వాసాఁత్’, అంటే అరవై, అని వినపడగానే 6 రాసెయ్యకు. 70ని వాళ్ళు అరవై-పది అంటారు, 75ని అరవై-పదిహేను అంటారు. ‘కాత్ర్-వేఁ’ అంటే నాలుగు ఇరవైలు, అంటే 80. దాని వెనక పన్నెండు వస్తే 92. జత పూర్తయ్యేదాకా కలం ఎత్తి పట్టుకో.

ఇక అసలు విషయం. వెళ్ళిన కొద్ది రోజుల్లోనే ఎవరో ఒకరు నీకో జోకు చెప్తారు: మూడు భాషలు వచ్చినవాడు త్రిభాషి, రెండు వచ్చినవాడు ద్విభాషి, ఒక్కటే వచ్చినవాడు అమెరికన్. యూరప్ అంతా అరిగిపోయిన జోకు ఇది. నవ్వెయ్యి. కానీ అందులో నిజమెంతో నీకు తెలిసుండాలి.

విజయవాడలో రైలెక్కి 400 కిలోమీటర్ల పైచిలుకు వెళ్తే చెన్నై, టీ అమ్మేవాడి భాషే మారిపోతుంది. న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి 4,000 కిలోమీటర్లు దాటి వెళ్ళినా ఇంగ్లీషుతోనే పని జరిగిపోతుంది. అవసరం లేని భాష నోట్లో నిలవదు, అది బద్ధకం కాదు. పైగా అమెరికాలో భాషలు వాటంతటవే ఎండిపోలేదు. మొదటి ప్రపంచ యుద్ధం రేపిన జర్మన్ ద్వేషంలో నెబ్రాస్కా రాష్ట్రం 1919లో ఒక చట్టం చేసింది: ఎనిమిదో తరగతి దాటని పిల్లలకి బళ్ళో పరాయి భాష నేర్పకూడదు. రాబర్ట్ మేయర్ అనే పంతులు పదేళ్ళ పిల్లాడికి జర్మన్‌లో బైబిల్ చదవడం నేర్పుతూ దొరికిపోతే 25 డాలర్ల జరిమానా వేశారు. ఆ కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్ళి 1923లో ఆయన పక్షాన తీర్పొచ్చింది గానీ, అప్పటికే ఎన్నో ఇళ్ళలో జర్మన్ గొంతు తగ్గిపోయింది. ఇప్పుడు చట్టమేమీ అడ్డం లేకపోయినా 2016కీ 2021కీ మధ్య అమెరికా కాలేజీల్లో ఇతర భాషల క్లాసుల్లో చేరేవాళ్ళు 16.6 శాతం తగ్గారు. అయినా ఆ దేశంలో అయిదుగురిలో ఒకరు ఇంట్లో ఇంగ్లీషు కాని భాష మాట్లాడతారు. ఆ ఒకరిలో మీ ఇల్లూ ఉంది. జోకు చెప్పినవాడితో వాదించకు. ‘షే మ్వా, ఓఁ పార్ల్ తెలుగు’, మా ఇంట్లో తెలుగు మాట్లాడతాం, అను చాలు.

ఇదే ఫ్రాన్సు, బళ్ళో తమ ప్రాంతపు భాష బ్రెటన్ మాట్లాడిన పిల్లల మెడలో శిక్షగా ఏదో వస్తువు వేలాడదీసిన దేశం. 1992 నుంచి గణతంత్రపు భాష ఫ్రెంచేనని రాజ్యాంగంలోనే రాసుకుంది. ఇది మనసులో పెట్టుకో, భోజనాల బల్ల దగ్గర ఎత్తకు.

మీ అమ్మకి జేబుదొంగల భయం. నాకు నువ్వు నోరు మూసుకుంటావేమోనని భయం.

ఎలా జరుగుతుందో చెప్తా. రొట్టెల కొట్టుకి వెళ్ళి ‘ఎఁ బగెత్’ అంటావు. బగెత్ స్త్రీలింగం, ‘యూన్’ అనాలి. కౌంటర్ వెనకావిడ రొట్టెకి కాగితం చుడుతూ, నీ మొహమైనా చూడకుండా, ‘యూన్ బగెత్, వ్వాలా’, ఇదిగో, అంటుంది. ఆవిడకి అది పడిపోయిన చెంచా తీసి బల్ల మీద పెట్టడంలాంటిది. నీకు మాత్రం చెంప ఛెళ్ళుమన్నట్టు ఉంటుంది. ఎందుకంటే నువ్వు చదివిన బళ్ళలో తప్పు చెప్పినా ముందు ‘గుడ్ జాబ్’ అంటారు, ఆ తరవాత మెల్లిగా దిద్దుతారు. అక్కడ ఆ మొదటి ముక్క ఉండదు. మార్కులూ అంతే. 20కి వేస్తారు, 10 వస్తే గట్టెక్కినట్టు, 14 అంటే బాగా చదివినట్టు, 16 అంటే ఇంటికి ఫోన్ చేసి చెప్పుకోవచ్చు. 13 వస్తే దాన్ని 65 శాతం చేసుకుని ఏడవకు.

దిద్దితే అవమానం అనుకున్న అమెరికా పిల్ల మర్నాడు ఇంగ్లీషులో రొట్టె అడుగుతుంది. కొట్టావిడ ‘చూశావా, వీళ్ళు ప్రయత్నమైనా చెయ్యరు’ అనుకుంటుంది. పిల్లేమో ‘ఫ్రెంచివాళ్ళు ఎంత కటువో’ అని స్నేహితులకి మెసేజ్ పెడుతుంది. రెండు పుకార్లూ ఆ ఒక్క రొట్టె దగ్గరే పుడతాయి. అబద్ధం ఎవరూ ఆడలేదు చూడు.

ఈ ముడుచుకుపోవడం నీకు కొత్త కాదు, అదే నా దిగులు. అమెరికాలో పుట్టిన మన పిల్లలు మూడేళ్ళకి ‘టాటయ్యా’ అంటారు. మనవాళ్ళేం చేస్తారు? విరగబడి నవ్వుతారు. ‘ఏదీ, మళ్ళీ అను’ అని నలుగురి ముందూ అనిపిస్తారు. ‘పళ్ళు’ని ‘పల్లు’ అంటే పక్కింటివాళ్ళని పిలిచి వినిపిస్తారు. ముద్దుకేలే, ద్వేషంతో ఏం కాదు. కానీ బడికి వెళ్ళే వయసొచ్చేసరికి పిల్లకి ఆ నవ్వు అర్థమవుతుంది. అమ్మమ్మ తెలుగులో అడుగుతుంది, మనవరాలు ఇంగ్లీషులో బదులిస్తుంది. చెవికి తెలుగు వచ్చు, నోరు మాత్రం పెగలదు. అప్పుడు మళ్ళీ మనమే ‘మా పిల్లకి తెలుగు రాదండీ, అర్థమవుతుందంతే’ అని నిట్టూరుస్తాం. తప్పు పలికినప్పుడు మెల్లిగా ‘తాతయ్య’ అని మనం ఒకసారి పలికి ఊరుకుంటే సరిపోయేది. ఆ కొట్టావిడ చేసేది సరిగ్గా అదే. మనం చెయ్యాల్సింది ఆవిడ చేస్తోంది, కోపం తెచ్చుకోకు తల్లీ.

అందుకని దిద్దించుకోవడాన్ని నువ్వే అడుగు. ఉండే ఇంటావిడతో మొదటి రోజే ‘కొరిజే మ్వా, సిల్ వు ప్లే’, నన్ను దిద్దండి, అని చెప్పు. ఆవిడ దిద్దగానే సారీ చెప్పకు, సరైన మాటని ఒకసారి పైకి అని, వాక్యం ముందుకి లాగు. చిన్న పుస్తకంలో ఆ రోజు దిద్దినవాటిలో ఒక్కటే రాసుకో, లింగం కలిపి రాయి: యూన్ బగెత్, ఎఁ క్రువాసాఁ. ఇరవై రాస్తే ఒక్కటీ మిగలదు.

‘టాటయ్య’ అంటే గుర్తొచ్చింది, ఉచ్చారణ సంగతి. ఇంగ్లీషు నోరు నాలుకని చిగురు మీద కొడుతుంది. ఫ్రెంచి త, ద మన తాతయ్యలో త, దాదాపులో ద లాగే పళ్ళకి తగులుతాయి. ప, త, క పలికేటప్పుడు అమెరికన్ల నోట్లోంచి గాలి తన్నుకొస్తుంది. సన్నని కాగితం ముక్క పెదాల ముందు పట్టుకుని ‘పారీ’ అను. కాగితం ఊగితే అమెరికన్ ప. ‘పాప’ అని తెలుగులో అను, ఊగదు, అదే ఫ్రెంచి ప. ‘కఫే’ చివర మీవాళ్ళు ‘ఎయ్’ అని సాగదీస్తారు, మన ఏ దగ్గర ఆగితే చాలు. ముక్కుతో పలికే అచ్చులకి మన పాత పుస్తకాల్లోని అరసున్నే మందు. ‘న్’ అని నాలుక తగిలించావా, మాట పాడైనట్టే. వేఁ అంటే వైన్, వాఁ అంటే గాలి, వోఁ అంటే వెళ్తారు. అద్దం ముందు ఈ మూడూ తేడాగా వినిపించేదాకా అను.

తెలుగు నోరు అన్నిటికీ పనికిరాదు, మోసపోకు. మన వ పెదాలతో తేలిపోతుంది. అక్కడ పై పళ్ళు కింది పెదవికి తగలాలి. ‘బోఁజూర్’లో జ మన జ కాదు, ఇంగ్లీషులో ‘మెజర్’ మధ్యలో వినిపించేది, అది నీకు పుట్టుకతో వచ్చు. ర కి మాత్రం నీ రెండు నోళ్ళూ పనికిరావు; పుక్కిలించే చోట, గొంతులో, పుట్టాలి. ‘తు’లోని అచ్చుకి పెదాలు ఊ అన్నట్టు గుండ్రంగా పెట్టి లోపల ఈ అను.

కొట్లోకి అడుగుపెట్టగానే ముందు ‘బోఁజూర్’, ఆ తరవాతే ఏదైనా. బస్సెక్కితే డ్రైవరుకీ అంతే. ఇది నీకు అందరూ చెప్పే ఉంటారు.

నువ్వు ఫ్రెంచిలో మొదలుపెడితే వాళ్ళు ఇంగ్లీషుకి మారిపోతే? మారతారు. నీ వెనక క్యూ ఉండొచ్చు, వాళ్ళకీ ఇంగ్లీషు సాధన చెయ్యాలని ఉండొచ్చు. చాలాసార్లు నిన్ను పట్టించేది వ్యాకరణం కాదు, తడుముకునేటప్పుడు వచ్చే ఆ ‘అమ్మ్’. అది విన్న మరుక్షణం ఇంగ్లీషు. ఫ్రెంచివాళ్ళు తడుముకునేటప్పుడు పెదాలు మూయరు, ‘ఓ...’కీ ‘అ...’కీ మధ్య గుండ్రంగా సాగదీస్తారు. ముందు అది నేర్చుకో. కొట్లోకి వెళ్ళేముందే మొదటి రెండు వాక్యాలు బయట నిలబడి అనుకో. అయినా మారితే నవ్వుతూ ‘జ ప్రెఫేర్ కోఁతిన్యుయే ఆఁ ఫ్రాఁసే’, ఫ్రెంచిలోనే మాట్లాడతాను, అను. మూడోసారి కూడా ఇంగ్లీషులోనే బదులొస్తే వదిలెయ్యి, వాళ్ళకి తొందరుంది. డాక్టరు దగ్గరా, ఇంటి అద్దె కాగితాల దగ్గరా మాత్రం పంతానికి పోకు, ఇంగ్లీషు తెలిసినవాళ్ళని అడుగు.

‘తు’, ‘వు’ నీకు పాఠమే అక్కర్లేదు: నువ్వు, మీరు. కాకపోతే నువ్వు తాతయ్యని కూడా ‘నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు’ అని అడుగుతావు చూడు, ఆ ఇంగ్లీషు అలవాటు అక్కడ మానుకో. తోటి విద్యార్థులకి మొదటి నుంచీ తు. ఇంటావిడకి, పంతులుకి, కొట్టువాళ్ళకి వు. ఇంటావిడే ‘తు అనుకుందాం’ అంటే మారు, నువ్వు ముందు అడక్కు. దేవుడికి మాత్రం రెండు భాషల్లోనూ నువ్వే.

ఇంకోటి. వాళ్ళ తలలో ఉన్న అమెరికన్‌కి నీ రంగు లేదు. నోరు విప్పేదాకా నిన్ను శ్రీలంక పిల్లవో, మారిషస్ పిల్లవో అనుకుంటారు. ‘అమెరికా నుంచి’ అంటే ‘కాదు, అసలు ఎక్కణ్ణుంచి’ అంటారు. ‘అమెరికెన్, దొరిజీన్ ఎఁదియెన్’, భారతీయ మూలాలున్న అమెరికన్‌ని, అని ఒక్కసారే చెప్పు. కొందరు అమెరికన్లు ఈ ప్రశ్నలన్నీ తప్పించుకోవడానికి కెనడా వాళ్ళమని చెప్పుకుంటారు, సంచీకి ఆ జెండా కుట్టుకుంటారు. ఆ పని చెయ్యకు. కెనడా అనగానే ‘అయితే నీకు ఫ్రెంచి వచ్చుగా’ అని రెట్టింపు వేగంతో మాట్లాడతారు.

మీ కాలేజీ పిల్లలంతా ఒకే ఇంట్లో ఉంటామంటే ఒప్పుకోకు. వంటింట్లో ఇంగ్లీషు మొదలైతే వీధిలోకి కూడా అదే వస్తుంది. వారానికి రెండు రాత్రులు వాళ్ళతో తిను, మిగతావి ఇంటావిడ బల్ల దగ్గర.

దిగాక ఆదివారం ఫోన్ చెయ్యి. అక్కడ మధ్యాహ్నం రెండైతే ఇక్కడ సాయంత్రం ఆరున్నర. మార్చి ఆఖరి ఆదివారం నుంచి ఐదున్నర. తెలుగులోనే మాట్లాడు. తప్పు పలికితే దిద్దుతాను, నవ్వను. మీ చిన్న తాతయ్యకి కూడా నవ్వొద్దని చెప్పి ఉంచాను.

నీ
చిన్నమ్మమ్మ