వ్యాకరణం తప్పితే ఆట తప్పాలి

యూనివర్సిటీ విద్యార్థులకు జర్మన్ వ్యాకరణం చెప్పేటప్పుడు పాయింట్లు, బ్యాడ్జీలు, లీడర్‌బోర్డు (ఎవరు ముందున్నారో వరుసగా చూపే పట్టిక) పెడితే ఉపయోగం ఉంటుందా అని అడిగారు. నేను చెప్పేది కూడా జర్మనే. నా అనుభవంలో వాటికన్నా ముందు చూసుకోవాల్సింది ఒకటుంది: వ్యాకరణం తప్పితే ఆట కూడా తప్పాలి, అంటే ఆటలో ఫలితం తేడాగా రావాలి. ఖాళీలు పూరించే అభ్యాసానికే పాయింట్లు తగిలిస్తే కొన్నాళ్లు హుషారుగా ఉంటారు, ఆ తర్వాత మళ్లీ అదే నీరసం.

జర్మన్‌లో 9 ప్రిపొజిషన్లు (‘కింద’, ‘మీద’ లాంటి మాటలు) అక్యుజెటివ్, డేటివ్ అనే రెండు విభక్తులతోనూ వస్తాయి. ఒక చోటికి వెళ్తే అక్యుజెటివ్, ఉన్నచోటే జరిగితే డేటివ్. నియమం చిన్నదే కానీ మాటల్లోకి రావడానికి చాలా కాలం పడుతుంది. దీనికి నేను ఆడించే ఆట ఇది. ఇద్దరికీ ఒకే గది బొమ్మ ఇస్తాను, మధ్యలో అడ్డుగా ఒక ఫైలు నిలబెడతాను. ఒకరి కాగితంలో పిల్లి నడిచిన దారి గీసి ఉంటుంది. వాళ్లు చెబుతుంటే రెండోవాళ్లు విని ఆ దారి గీయాలి. ‘డీ కాట్సె లాయ్ఫ్ట్ ఉంటర్ డేన్ టిష్’ అంటే పిల్లి బయటి నుంచి బల్ల కిందికి వెళ్తోంది. అదే ‘ఉంటర్ డేమ్ టిష్’ అంటే బల్ల కిందే అటూ ఇటూ తిరుగుతోంది. ఒక్క అక్షరంతో గీత మారిపోతుంది.

అడ్డు తీసి బొమ్మలు పక్కపక్కన పెట్టగానే వాదన మొదలవుతుంది. నువ్వు డేమ్ అన్నావు, కాదు డేన్ అన్నాను అని. ఆ వాదనే నాకు కావాల్సింది! అప్పుడు నేను కల్పించుకోను. తప్పు ఎక్కడ జరిగిందో వాళ్లే వెతుక్కుంటే అది గుర్తుండిపోతుంది, ఎర్రసిరాతో నేను దిద్దితే ఉండదు.

లీడర్‌బోర్డు మాత్రం వద్దనే చెబుతాను. అట్టడుగున పేరున్నవాళ్లు క్రమంగా నోరు విప్పడం మానేస్తారు, మనం మాట్లాడించాల్సింది వాళ్లనే కదా. పోటీ కావాలంటే జట్లుగా పెట్టండి, జట్లు తరచూ మార్చండి.

ఇంటర్నల్ మార్కులతోనూ ముడిపెట్టకండి. బొమ్మలు గీయడం ఇష్టమైన చిన్నపిల్లలకు ముందే బహుమతి ఆశ చూపితే, తర్వాత తీరిక సమయంలో వాళ్లు బొమ్మలు గీయడం తగ్గిందని లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లోనే చూపించారు. ఆ పిల్లలు బడి వయసు కూడా రానివాళ్లు కాబట్టి మన విద్యార్థులకు యథాతథంగా వర్తిస్తుందనను. కానీ మార్కులు పెట్టినప్పుడల్లా నా క్లాసులో ప్రతివాళ్లూ తమకు బాగా వచ్చిన వాక్యాలే పట్టుకుని వేలాడతారు, కొత్తది ప్రయత్నించరు.

ఆట అయ్యాక కాస్త సమయం మిగుల్చుకుని, వాదన వచ్చిన వాక్యాలను బోర్డు మీద రాయించండి. నియమం పేరు అప్పుడు చెప్పినా సరిపోతుంది.