పాత ఇంపల్స్‌కి పార్టులు వెతుక్కునే పద్ధతి

బిడ్డా,

నువ్వు పాత హీరో ఇంపల్స్ బైక్ కొన్నావని, పార్టుల కోసం తిరిగి తిరిగి విసిగిపోయావని అన్నయ్య ఫోన్‌లో చెప్పాడు. బండి మంచిదే కొన్నావు, టెన్షన్ పడకు. కంపెనీ ఈ మోడల్ తయారీ ఆపేసి చాలా ఏళ్లయింది కాబట్టి "ఆ మాల్ రావట్లేదు" అనే మాట ప్రతి కౌంటర్ దగ్గరా వినిపిస్తుంది. బండి పేరు చెప్పి అడిగితే వచ్చే జవాబు అది. పార్ట్ నంబరో, కొలతో చెప్పి అడుగు, అదే మనిషి లోపలికి వెళ్లి వెతుకుతాడు.

ముందు ఇంపల్స్ స్పేర్ పార్ట్స్ కేటలాగ్ సంపాదించు. పాత సర్వీస్ సెంటర్ మెకానిక్‌లలో ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది. ఈ బండి 2011లో వచ్చింది. అప్పటికి హీరో, హోండా విడిపోయి ఎంతో కాలం కాలేదు. అందుకే నంబర్ల పద్ధతి హోండాదే. మొదటి అయిదు అంకెలు అది ఏ పార్టో చెబుతాయి. 13101 అంటే పిస్టన్. మధ్యలో ఉండే మూడు అక్షరాలు ఆ పార్టును మొదట ఏ మోడల్ కోసం చేశారో చెబుతాయి. నువ్వు చూడాల్సింది ఆ మధ్య ముక్కే. అక్కడ వేరే మోడల్ కోడ్ ఉంటే ఆ పార్టు ఇంపల్స్‌ది మాత్రమే కాదు, ఇంకో బండిలోనూ ఉన్నట్టు. ఇంపల్స్ ఇంజన్ 149.2 సీసీది, సీబీజెడ్ ఎక్స్‌ట్రీమ్, హంక్‌ల కుటుంబం. ఆ బండ్లు మన హైదరాబాద్‌లో వేలల్లో తిరిగాయి. పిస్టన్, రింగులు, క్లచ్ ప్లేట్లు, టైమింగ్ చైన్ లాంటివి ఆ బండ్ల నంబర్లతో పోల్చి చూసి అడుగు. కోఠీ పక్కన పుత్లీబౌలీ వెళ్తే ఈ పని సగం అయిపోతుంది.

బేరింగులు, ఆయిల్ సీళ్ల కోసం బైక్ షాపుకే వెళ్లనక్కర్లేదు. రాణీగంజ్‌లో బేరింగ్ షాపులు వరసగా ఉంటాయి. పాత బేరింగ్‌ని కిరసనాయిల్‌లో కడిగి, పాత బ్రష్‌తో రుద్ది, వెలుతురులో పట్టుకుని చూడు, అంచు మీద నంబర్ కనిపిస్తుంది. 6203 అని ఉంటే లోపలి రంధ్రం 17 మిల్లీమీటర్లు, బయట 40, మందం 12. 6204 అయితే 20, 47, 14. ఏ దేశంలో చేసినా, ఏ కంపెనీ చేసినా ఇవే కొలతలు. నంబర్ పక్కన సీ3 అని ఉంటే అది కూడా చెప్పి అడుగు. ఇంజన్ వేడెక్కినప్పుడు బిగుసుకుపోకుండా లోపల కొంచెం ఎక్కువ సందు ఉంచిన బేరింగ్ అది. చక్రాలకు పెట్టే మామూలు బేరింగ్ తెచ్చి క్రాంక్‌లో వేయించకు. సీల్ మీద కూడా లోపలి కొలత, బయటి కొలత, మందం ముద్రించి ఉంటాయి. అరిగి కనబడకపోతే వెర్నియర్‌తో కొలువు. ఫోన్‌లో ఫొటో చూపించి సీల్ అడిగితే లాభం లేదు, పాత సీల్‌ని గుడ్డలో చుట్టుకుని తీసుకుపో. కొత్తది బిగించి, బండి కొన్నాళ్లు నడిచేదాకా పాతది పారేయకు.

బోర్ కొట్టించాల్సి వస్తే, అంటే అరిగిన సిలిండర్ లోపలి గోడను కాస్త వెడల్పు చేయించాల్సి వస్తే, వరస తప్పకు. ముందు పిస్టన్, రింగులు చేతికి రావాలి. ఆ తర్వాతే సిలిండర్ లేత్ షాపుకు వెళ్లాలి. పిస్టన్ 0.25, 0.50 మిల్లీమీటర్లు అంటూ సైజులు పెరుగుతూ వస్తుంది, నీకు దొరికిన సైజును బట్టే సిలిండర్ కొట్టాలి. "ముందు బోర్ కొట్టేస్తా, పిస్టన్ తర్వాత చూద్దాం" అన్నవాడి దగ్గర సిలిండర్ దించొద్దు. బాలానగర్ వైపు జాగ్రత్తగా పనిచేసే లేత్ వాళ్లున్నారు. పిస్టన్, రింగులు, టైమింగ్ చైన్ ఒరిజినలే వెయ్యి. లివర్లు, ఇండికేటర్లు లోకల్‌వి అయినా నడుస్తాయి.

ముందు టైరు గురించి దిగులొద్దు. 90/90-19 సైజు పాత ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ ముందు చక్రానికీ వచ్చేది, కాబట్టి దొరుకుతుంది. కాకపోతే అది రోడ్డు టైరు. మట్టి దారికి పనికొచ్చే పెద్ద గుబ్బల టైరు కావాలంటే కాస్త వెతకాలి.

అసలు కష్టం ట్యాంకు, ప్లాస్టిక్ ప్యానెళ్లు, ముందు మడ్‌గార్డ్, వెనక షాక్ అబ్జార్బర్ దగ్గరే. ఇవి ఇంపల్స్‌కి మాత్రమే ఉన్నవి. పగిలిన ప్యానెల్ లోపలి వైపు తిప్పి చూడు, చిన్నగా పీపీ అనో ఏబీఎస్ అనో ప్లాస్టిక్ రకం ముద్ర ఉంటుంది. ఏబీఎస్ అయితే మంచి అంటుతో అతుకుతుంది. పీపీ మామూలు జిగురుకు అంటదు, అదే ప్లాస్టిక్ కడ్డీతో వేడి చేసి వెల్డ్ చేయించాలి. షాక్ లీకవుతుంటే ముందు దాన్నే సీళ్లు మార్చి బాగుచేసే మెకానిక్‌ని వెతుకు. ఇంకో బండి షాక్ పెట్టిస్తానని ఎవరైనా అంటే, రెండు బోల్టు రంధ్రాల మధ్య పొడవు, బుష్ సైజు, స్ప్రింగ్ గట్టిదనం మూడూ కలిశాకే ఒప్పుకో. పొడవు కొంచెం మారినా వెనక భాగం ఎత్తు మారుతుంది, చైన్ వదులు లెక్క తప్పుతుంది, మలుపులో బండి తీరే మారిపోతుంది. దిగుడు మట్టి దారిలో అది ప్రాణం మీదకు తెస్తుంది.

ఇలాంటి పార్టుల కోసం ఇంకో ఇంపల్స్‌ని, ఇంజన్ పోయినదాన్ని, మొత్తంగా కొనడమే నాకు మంచిదనిపిస్తుంది. విడిగా ట్యాంకు, సీటు, ప్యానెళ్లు, షాక్ కొంటే అంతకు మించే అవుతుంది. కానీ ఆర్‌సీ చేతికొచ్చి, దానితో ఛాసిస్ నంబర్ కలిసి, ఓనర్ రాసిచ్చిన కాగితం అందితే తప్ప ఒక్క రూపాయి ఇవ్వకు. జుమ్మెరాత్ బజార్‌లో, ఎర్రగడ్డ ఆదివారం అంగట్లో చిన్నచిన్న వస్తువులు చూడు, తప్పులేదు. నంబర్ గీకేసిన ఇంజన్ ఎంత చవకగా ఇస్తానన్నా ముట్టుకోకు. రేపు పోలీసులు ఆపితే సమాధానం చెప్పుకోవాల్సింది నువ్వే.

ఎవరైనా "కంపెనీ పాత స్టాక్, ప్యాకెట్ సీల్ కూడా తీయలేదు" అని రబ్బర్ సామాను ఇస్తే సంచి తెరిపించి చూడు. రబ్బర్ వాడకపోయినా ఏళ్లు గడిస్తే గట్టిపడుతుంది. కార్బరేటర్‌ని ఇంజన్‌కి కలిపే రబ్బర్ గొట్టం, అంటే మానిఫోల్డ్‌ని, అక్కడే కొంచెం వంచి చూడు. మడతలో సన్నని పగుళ్లు కనిపిస్తే తీసుకోకు. అక్కడి నుంచి గాలి లాగితే ఇంజన్ ఐడిల్‌లో నిలవదు, నువ్వు తప్పు కార్బరేటర్‌లో ఉందనుకుని దాని జెట్లు మార్చుకుంటూ కూర్చుంటావు.

ఇప్పుడు నీ బండికి ఏమేం కావాలో ఒక కాగితం మీద రాయి. పార్ట్ నంబర్ తెలిస్తే నంబర్, తెలియకపోతే కొలత. ఫొటో తీస్తే పక్కన స్కేల్ పెట్టి తీసి నాకు పంపు. షాక్ విషయంలో మాత్రం నేను చూసేదాకా డబ్బు ఖర్చు పెట్టొద్దు. వచ్చే వారం పనిరోజు ఏదో ఒకటి చూసి రాణీగంజ్ ఇద్దరం కలిసి వెళ్దాం. ఆదివారం అక్కడ చాలా షాపులు మూసి ఉంటాయి.

ఆశీస్సులతో,
మీ బాబాయి