పీటర్ గ్రీన్‌తో మొదలుపెట్టండి, అదీ 1967 నుంచి

ఎరిక్ క్లాప్టన్, జిమ్మీ పేజ్ అనే బ్రిటిష్ గిటారిస్టుల పేర్లు తెలుసనీ, అరవైల నాటి బ్రిటిష్ బ్లూస్ (అమెరికా నల్లజాతివారి సంగీతం ఇది) గిటార్ రికార్డింగులు వినాలని ఉందనీ, కానీ విన్నవన్నీ ఒకేలా అనిపిస్తున్నాయనీ రాశారు. ఎవరితో, ఏ రికార్డుతో మొదలుపెడితే పట్టు దొరుకుతుందని మీ ప్రశ్న.

నా జవాబు బ్రిటిష్ గిటారిస్టు పీటర్ గ్రీన్. నాకు తలుపు తెరుచుకున్నది ఆయన దగ్గరే. ఆయన్ని కనుక్కోవడానికి మాత్రం నాకు ఏడేళ్లు పట్టింది. మీకు అంత ఆలస్యం కాకూడదని కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఇంజినీరింగ్ హాస్టల్లో నా రూమ్మేట్ రోజూ రాత్రి 'బ్లాక్ మ్యాజిక్ ఉమన్' పెట్టేవాడు. అమెరికన్ బ్యాండ్ సంటానా పాట. ఆ గిటార్ చెవిలో అలా ఉండిపోయింది. తర్వాత మాస్టర్స్ చదవడానికి ఇంగ్లండ్‌లోని లెస్టర్ వెళ్లాను. అక్కడ ఒక ఛారిటీ షాపులో సంటానా పాత సీడీ దొరికింది. బస్సులో కూర్చుని లోపలి పుస్తకం తిరగేస్తుంటే ఆ పాట రాసినవారి పేరు దగ్గర 'పి. గ్రీన్' అని ఉంది. నేనేమో ఎవరో అమెరికా పెద్దాయన అనుకున్నాను. కాదు. లండన్ తూర్పు వైపు బెత్నల్ గ్రీన్‌లో, ఒక మామూలు యూదు కుటుంబంలో 1946లో పుట్టిన మనిషి. అసలు పేరు పీటర్ గ్రీన్‌బామ్. ఆ పాటను తన బ్యాండ్‌తో 1968లోనే రికార్డు చేశాడు. సంటానా పాడింది రెండేళ్ల తర్వాత.

వారం తిరక్కుండానే అదే షాపులో జాన్ మేయాల్ అండ్ ద బ్లూస్‌బ్రేకర్స్ వాళ్ల 'ఎ హార్డ్ రోడ్' సీడీ రెండు పౌండ్లకు దొరికింది. అది 1967 ఫిబ్రవరిలో వచ్చిన ఆల్బమ్. గ్రీన్ వాయించాడని అట్ట వెనక ఉంది కాబట్టే కొన్నాను. అందులో 'ద సూపర్‌నేచురల్' అనే వాద్య సంగీతం ఉంది. మాట ఉండదు, మూడు నిమిషాలు కూడా ఉండదు. దయచేసి ఈ ముక్కతోనే మొదలుపెట్టండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఇంకే పని చేయకుండా వినండి.

అందులో ఏముందో చెప్పే ప్రయత్నం చేస్తాను. మామూలుగా గిటార్ తీగ మీటితే శబ్దం మొదట గట్టిగా వచ్చి, కాసేపటికి సన్నగిల్లి ఆగిపోతుంది. యాంప్లిఫయర్ సౌండ్ బాగా పెంచి, దాని ముందు సరైన చోట నిలబడితే, స్పీకర్లోంచి వచ్చిన శబ్దమే తీగను మళ్లీ కదిలిస్తుంది. స్వరం ఆగదు. దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. అదుపు తప్పితే చెవులు పగిలే కూత. గ్రీన్ దాన్ని అదుపులో పెట్టి ఒక్క స్వరాన్ని పది సెకన్ల దాకా నిలబెడతాడు. ఆ ఒక్క స్వరం కింద మిగతా వాద్యాలన్నీ మెల్లగా కదులుతుంటాయి. అప్పటికి ఆయన వయసు ఇరవై.

నాకు ఆ స్వరం కొత్తగా అనిపించలేదు. చిన్నప్పుడు మా ఇంట్లో వీణ క్యాసెట్లు మోగుతూ ఉండేవి. వీణలో మెట్టు మీద తీగను పక్కకు లాగి గమకం పలికిస్తారు కదా. బ్లూస్ గిటారిస్టు 'బెండ్' అనేది కూడా వేలితో తీగను పక్కకు లాగడమే. రెండు సంప్రదాయాలకీ చుట్టరికం ఉందని నేను అనడం లేదు. మన చెవికి అలాంటి లాగుడు ముందే తెలుసు కాబట్టి, 'అన్నీ ఒకేలా ఉన్నాయి' అన్న ఇబ్బంది దాటడానికి ఇది బాగా పనికొస్తుంది. మూడు కార్డ్‌లు (అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు), పన్నెండు బార్ల (తాళం ఆవర్తాల లాంటివి) వరస దాదాపు అందరిదీ ఒకటే. తేడా అంతా తీగను ఎంతవరకు లాగాడు, అక్కడ ఎంతసేపు ఆగాడు, ఎలా వదిలాడు అన్న దాంట్లోనే ఉంటుంది. పాట నిర్మాణం పట్టించుకోకండి, లాగుడు వినండి. నాకైతే అప్పటినుంచి ఏ ఇద్దరు గిటారిస్టులూ ఒకేలా వినిపించలేదు.

ఇప్పుడు కొంచెం నేపథ్యం. 1966లో క్లాప్టన్ మేయాల్ బ్యాండ్ వదిలేశాడు. అప్పటికి లండన్ గోడల మీద క్లాప్టన్ దేవుడని రాసేంత పేరు. ఆ చోటికి ఎవరొచ్చినా జనం పెదవి విరుస్తారు. పెద్దగా పేరులేని గ్రీన్‌ని మేయాల్ తెచ్చుకున్నాడు. నిర్మాత మైక్ వెర్నన్ కంగారు పడితే, ఇంకో రెండేళ్లలో ఇతనే అందరికన్నా మేటి అవుతాడని మేయాల్ ధైర్యం చెప్పాడట. మేయాల్ చెవి అలాంటిది. 2024 జూలైలో ఆయన పోయినప్పుడు నేను రోజంతా ఈ ఆల్బమే విన్నాను.

గ్రీన్ మేయాల్ దగ్గర ఏడాది మాత్రమే ఉన్నాడు. 1967 వేసవిలో డ్రమ్మర్ మిక్ ఫ్లీట్‌వుడ్, స్లైడ్ గిటారిస్టు జెరెమీ స్పెన్సర్‌లతో సొంత బ్యాండ్ పెట్టాడు. కొద్ది రోజులకు బేసిస్టు జాన్ మెక్‌వీ వచ్చి చేరాడు. బ్యాండుకు పేరు పెట్టే హక్కు తనదే అయినా తన పేరు పెట్టుకోలేదు. డ్రమ్స్ వాయించే ఫ్లీట్‌వుడ్ పేరు, బేస్ వాయించే మెక్‌వీ పేరులో ముక్క కలిపి ఫ్లీట్‌వుడ్ మ్యాక్ అన్నాడు. తాను వెళ్లిపోయినా వాళ్లకు ఆ పేరు మిగలాలనుకున్నాడని చెబుతారు. అలాగే మిగిలింది కూడా.

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు, నేనూ తప్పాను. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ అనగానే అందరూ చూపించేది 1977 నాటి 'రూమర్స్'. మంచి ఆల్బమే, కానీ అందులో గ్రీన్ లేడు. ఆయన 1970 మేలోనే బ్యాండ్ వదిలేశాడు. కాబట్టి వెతికేటప్పుడు 1967 నుంచి 1970 వరకు ఉన్న రికార్డింగులే చూడండి.

వాటిలో నేను పదేపదే తిరిగి వెళ్లేవి చెబుతాను. 1968లో వచ్చిన 'మిస్టర్ వండర్‌ఫుల్' ఆల్బమ్ మొత్తంగా చూస్తే అంత గొప్పది కాదు. ఒకే మోత చాలా పాటల్లో వస్తుంది. కానీ అందులో 'లవ్ దట్ బర్న్స్' ఒక్కటి చాలు. చాలా నెమ్మదైన పాట. గ్రీన్ ఒక వాక్యం పాడి ఆగుతాడు, గిటార్ జవాబు చెబుతుంది, మళ్లీ ఆగుతాడు. అదే ఏడాది వచ్చిన 'నీడ్ యువర్ లవ్ సో బ్యాడ్' అమెరికన్ గాయకుడు లిటిల్ విల్లీ జాన్ పాడిన పాత పాట. గ్రీన్ బృందం వయొలిన్లు చేర్చి రికార్డు చేసింది. ప్రేమ పాటల్లో అంత మర్యాదగా అడిగే గొంతు నేను ఎక్కడా వినలేదు.

ఇక 'ఆల్బట్రాస్'. 1968 నవంబరులో విడుదలై, 1969 జనవరికి బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. మాటల్లేని పాట, పెద్దగా వేగం లేదు, ఎక్కడా ప్రదర్శన లేదు. మిక్ ఫ్లీట్‌వుడ్ డ్రమ్స్‌ను కర్రలతో కాకుండా మెత్తటి తలలున్న మాలెట్లతో వాయించాడు, అందుకే అది అలల చప్పుడులా ఉంటుంది. అప్పటికి పద్దెనిమిదేళ్ల డానీ కిర్వాన్ కొత్తగా బ్యాండ్‌లో చేరాడు. రెండో గిటార్ అతనిది. బీటిల్స్ 'సన్ కింగ్' పాటకు ఇది ప్రేరణ అని జార్జ్ హారిసన్ చెప్పాడు.

దీన్ని మా బాబాయికి వినిపించాను. ఆయన తెనాలి వైపు పద్య నాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఇంగ్లిష్ పాట ఒక్కటీ ఎరగరు. కళ్లు మూసుకుని పూర్తిగా విని, "తొందర లేదురా ఇతనికి" అన్నారు. అంతకన్నా బాగా పీటర్ గ్రీన్ గురించి రాసిన వ్యాసం నేను చదవలేదు. వాయించగలిగినవన్నీ వాయించకుండా ఆపుకోవడం ఆయన బలం. అమెరికన్ బ్లూస్‌కు పెద్ద దిక్కైన బీ.బీ. కింగ్ కూడా తాను విన్నవాళ్లలో గ్రీన్ గిటార్ నాదమే అత్యంత తీయనిదనీ, తనకు చెమటలు పట్టించింది అతనొక్కడేననీ అన్నారు.

ఆ నాదానికి వేళ్లు ఎంత కారణమో గిటార్ కూడా కొంత కారణం. ఆయనది 1959 గిబ్సన్ లెస్ పాల్. దాంట్లో రెండు పికప్‌లుంటాయి. అంటే అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగచుట్టతో గిటార్ తీగ కదలికను కరెంటుగా మార్చే పరికరాలు. మెడ వైపు పికప్‌లో అయస్కాంతం తిరగబడి ఉంది. అది ఎలా జరిగిందన్న దానికి రకరకాల కథలున్నాయి. ఫలితం మాత్రం స్పష్టం. రెండు పికప్‌లూ కలిపి వాడినప్పుడు ఒకదాని తరంగాలు రెండోదాని తరంగాలను కొంత కొట్టేస్తాయి. లోతైన శబ్దం తగ్గి, బోలుగా, ముక్కుతో పలికినట్టు, దాదాపు మనిషి గొంతులా వస్తుంది. తర్వాత ఆ గిటార్‌ను గ్రీన్ కుర్రవాడైన గ్యారీ మూర్‌కు అమ్మేశాడు. మూర్ తన గిటార్ అమ్మితే ఎంత వచ్చిందో గ్రీన్ అంతే తీసుకున్నాడు. ఇప్పుడది మెటాలికా గిటారిస్టు కర్క్ హామెట్ దగ్గరుంది. చాలామంది కుర్రాళ్లు పికప్‌లు తిప్పించుకుని ఆ సౌండ్ కోసం తంటాలు పడుతుంటారు. నా స్నేహితుడొకరు అలాగే తన గిటార్ విప్పించాడు. నాదం దగ్గరికి వచ్చింది కానీ ఆ ఆగడం రాలేదు.

ఒక విషయం మాత్రం మనసు పెట్టి చదవమని అడుగుతున్నాను. గ్రీన్ గురించి నెట్‌లో వెతికితే సంగీతం కన్నా ముందు ఆయన జబ్బు కథే కనబడుతుంది. 1970 మార్చిలో జర్మనీలోని మ్యూనిక్‌లో ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు తీసుకోవడం, బ్యాండ్ వదిలేయడం, తర్వాత స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బని తేలడం, ఆసుపత్రులు, షాక్ చికిత్స. ఇవన్నీ నిజమే. కానీ ఈ కథ చదివాక 'మ్యాన్ ఆఫ్ ద వరల్డ్' వింటే ప్రతి మాటా రాబోయే జబ్బుకు సూచనలా వినిపిస్తుంది. 1970 నాటి 'గ్రీన్ మనాలిషి' వింటే అది పిచ్చి కేక అనిపిస్తుంది. నేనూ ఏడాది పాటు అలాగే విన్నాను.

మా బాబాయికి కూడా అదే జబ్బు. ముప్ఫై దాటాక వచ్చింది. అప్పటినుంచి మా ఇంట్లో అందరూ ఆయన పాత రోజులన్నిటినీ వెనక్కి తిరిగి చదవడం మొదలుపెట్టారు. రాత్రంతా సాధన చేసేవాడు, అప్పుడే అనుకున్నాం. డబ్బు లెక్కచేసేవాడు కాదు, అప్పుడే అనుకున్నాం. మంచి హార్మోనిస్టు చేసిన మంచి పనులన్నీ జబ్బు లక్షణాలైపోయాయి. అది ఎంత అన్యాయమో దగ్గరుండి చూశాను. గ్రీన్ విషయంలో నేను చేస్తున్నది కూడా అదేనని ఒకరోజు తట్టింది, చాలా సిగ్గేసింది.

ఆఫ్రికాలో నైజీరియా నుంచి విడిపోవాలని పోరాడిన బియాఫ్రాలో కరువు దృశ్యాలు టీవీలో చూసి, బ్యాండ్ డబ్బును దానం చేద్దామన్న ఇరవై మూడేళ్ల కుర్రవాడిని పిచ్చివాడనడం నాకు ఇష్టం లేదు. 'గ్రీన్ మనాలిషి' డబ్బు మనిషిని పట్టుకునే దయ్యమని చెప్పే పాట. చెప్పాలనుకున్నది తెలిసి, కట్టుదిట్టంగా కట్టిన పాట. జూడాస్ ప్రీస్ట్ తర్వాత దాన్ని తమ హెవీ మెటల్ పద్ధతిలో వాయించారంటే దాని ఎముకలు ఎంత గట్టివో చూడండి. 1969 నాటి 'ఓ వెల్' మొదటి భాగం ఉరుములా ఉంటుంది. రెండో భాగంలో నెమ్మదైన నైలాన్ తీగల గిటార్, చెల్లో వస్తాయి. ఇంత ఆలోచన ఉన్న పనిని జబ్బు ఖాతాలో వేయకండి.

నా అపోహ పూర్తిగా పోయింది బోస్టన్ రికార్డింగులతో. 1970 ఫిబ్రవరి మొదటి వారంలో అమెరికాలోని 'బోస్టన్ టీ పార్టీ' అనే హాల్లో మూడు రాత్రులు వాయించారు. అంటే మ్యూనిక్‌కు నెల ముందు. లైవ్ ఆల్బమ్ కోసం రికార్డు చేసినవి అప్పుడు బయటికి రాలేదు, చాలా ఏళ్ల తర్వాత మూడు భాగాలుగా వచ్చాయి. 'రాటిల్‌స్నేక్ షేక్' ఇరవై నిమిషాలు దాటి సాగుతుంది. గ్రీన్, కిర్వాన్ ఒకరి గిటార్‌ను ఒకరు వింటూ, దారిచ్చుకుంటూ పోతారు. అక్కడ వినిపించేది కూలిపోతున్న మనిషి కాదు, తన పని మీద పూర్తి పట్టున్న సంగీతకారుడు. 'జంపింగ్ ఎట్ షాడోస్' కూడా అక్కడిదే వినండి.

ముందు స్టూడియో రికార్డులు విని, చెవి కుదిరాక బోస్టన్‌కు రండి. ముందే వెళితే పొడుగు వాయింపులు విసుగు పుట్టించవచ్చు. ఈ మధ్యలో 1969 జనవరిలో షికాగో చెస్ స్టూడియోలో ఓటిస్ స్పాన్, విల్లీ డిక్సన్, బడ్డీ గై లాంటి అసలు బ్లూస్ పెద్దలతో కలిసి చేసిన రికార్డింగులున్నాయి. సరదాగా ఉంటాయి, తప్పనిసరి అనను.

1970 తర్వాతి వాటిలో 1979 నాటి 'ఇన్ ద స్కైస్' మంచిది. తొంభైలలో స్ప్లింటర్ గ్రూప్ అనే బృందంతో మళ్లీ వేదికెక్కాడు. 1998లో పాతకాలపు అమెరికన్ బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ పాటలతో ఒక ఆల్బమ్ చేశారు. వేళ్లలో పాత చురుకు లేదని చాలామంది దాన్ని పక్కన పెడతారు. నేను పెట్టను. బాబాయి ఇప్పటికీ సంక్రాంతికి హార్మోనియం ముందు కూర్చుంటారు. మందుల వల్ల వేళ్లు నెమ్మదించాయి. ఒక పద్యం రాగం ఎత్తుకుని మధ్యలో ఆగిపోతారు. కానీ మొదటి స్వరం మీద వేలు ఆనించే తీరు ఇంకా ఆయనదే, వీధి చివర ఉన్నా గుర్తుపడతాను. గ్రీన్ 1998 రికార్డులో కూడా ఆ మొదటి తాకిడి అలాగే ఉంది. ఆయన 2020 జూలై 25న, 73 ఏళ్ల వయసులో నిద్రలోనే పోయారు.

ఈ రాత్రికి మూడే వినండి. 'ద సూపర్‌నేచురల్', 'లవ్ దట్ బర్న్స్', 'ఆల్బట్రాస్', ఈ వరసలోనే. విన్నాక మొదటిదాంట్లో ఆ పొడుగు స్వరం దగ్గర మీకేమనిపించిందో రాయండి, తర్వాత ఏం వినాలో దాన్నిబట్టి చెబుతాను.