బెల్టు పెట్టుకుంటే తెల్ల చొక్కా మీద నల్ల గీత

ప్రశ్న: నమస్తే అండి, మాది విశాఖపట్నం, కంచరపాలెం. మా మావయ్యగారు వాడి మాకిచ్చిన 2009 మోడల్ చిన్న కారు ఉంది, ఇంజను బాగానే ఉంది గానీ ముందు సీట్ల బెల్టులు రెండూ మురికి పట్టేసి అట్టలా బిగుసుకుపోయాయి. తెల్ల చొక్కా వేస్కుని ఆఫీసుకెళ్తే భుజం నుంచి నడుం దాకా నల్ల గీత పడిపోతుంది. పైగా వెనక్కి కూడా వెళ్లట్లేదు, చేత్తో తోస్తే గానీ చుట్టుకోదు, దిగి డోర్ వేస్తే మధ్యలో ఇరుక్కుంటుంది. కార్ వాష్ దగ్గర అడిగితే బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో నానబెట్టేయండి మొత్తం వదిలిపోతాది అన్నాడు. మా ఆవిడేమో ఆ కంపు బెల్టు నేను పెట్టుకోను అని పోలీసులు కనపడినప్పుడు మాత్రం చేత్తో పట్టుకుని కూర్చుంటుంది. ఏటి చెయ్యమంటారు?

జవాబు: ముందు ఒక్కటి చెప్తానండి, బ్లీచింగ్ మాత్రం వద్దు. చూడ్డానికి మామూలు పట్టీలా ఉంటుంది గానీ అది పాలిస్టర్ దారాలతో గట్టిగా నేసిన బెల్టు, యూరప్ నిబంధనల ప్రకారం దానికి కనీసం 14.7 కిలోన్యూటన్ల లాగుడు తట్టుకునే బలం ఉండాలి, అంటే దగ్గర దగ్గర 1500 కిలోల బరువు వేలాడదీసినట్టు. బ్లీచు, రంగు, ఘాటైన క్లీనర్లు ఆ దారాల్ని, కుట్టుని బలహీనం చేస్తాయి, పైకి మాత్రం ఏమీ తెలీదు, తెలిసేది గుద్దుకున్న రోజే. అందుకే కారుతో పాటు ఇచ్చే పుస్తకాల్లో కూడా బ్లీచు, డై వాడొద్దని రాసుంటుంది. పెట్రోలు, కిరోసిన్, యాసిడ్ బాటిళ్లు కూడా దరిదాపులకి రానివ్వకండి.

మురికి ఎక్కడిదంటే చెమట, తలనూనె, దాని మీద అంటుకున్న దుమ్ము. మన ఊళ్లో ఉక్కపోత సంగతి మీకు చెప్పక్కర్లేదు, చొక్కా తడిసిన చోటే బెల్టు ఆనుతుంది, పోర్టు వైపు ఉండేవాళ్లకి ఆ నల్లదుమ్ము కూడా తోడవుతుంది. ఇది జిడ్డు మురికి కాబట్టి దీనికి కావల్సింది మామూలు సబ్బు, కాస్త ఓపిక, అంతే.

ఎలా చెయ్యాలంటే, కారుని చదునుగా ఉన్న చోట పెట్టండి, బాగా వాలులో ఉంటే బెల్టు లాక్ పడిపోయి బయటకి రాదు, మన ఊళ్లో కొండ వీధుల్లో పార్క్ చేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. బెల్టుని మెల్లగా చివరిదాకా లాగేసి, లోపలికి వెళ్లిపోకుండా అది బయటకొచ్చే చోట ఫైళ్లకి పెట్టే పెద్ద నల్ల క్లిప్పు బిగించేయండి. సీటు మీద పాత టవల్ పరిచేసి, గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ గానీ బట్టలకి వాడే లిక్విడ్ గానీ కొంచెం కలిపి, మెత్తటి బ్రష్ తో దారాలు పోయిన వైపే, పొడుగు దిశలోనే రుద్దండి, అడ్డంగా రుద్దితే పోగులు లేస్తాయి. రెండు వైపులా రుద్దాలి, ఒంటికి ఆనే వైపు ఇంకాస్త ఎక్కువ, మురికి అక్కడే ఎక్కువుంటుంది మరి. నల్లనీళ్లు వస్తూనే ఉంటాయి, కంగారు పడకండి, గుడ్డతో తుడుస్తూ మళ్లీ రుద్దుతూ నీళ్లు తేటగా వచ్చేదాకా చెయ్యండి, చివర్లో సబ్బు మిగలకుండా ఉత్త నీళ్ల గుడ్డతో రెండు మూడు సార్లు తుడవండి. సబ్బు ఉండిపోతే మళ్లీ దుమ్ము అంటుకుంటుంది. బెల్టు చుట్టుకునే డబ్బాలోకి మాత్రం నీళ్లు పోనివ్వకండి, పైపు పెట్టి కొట్టడం అసలే వద్దు.

ఆరబెట్టడంలోనే ఎక్కువమంది తొందరపడతారు. పాలిస్టర్ దారం నీళ్లు పెద్దగా పీల్చదు గానీ దారాల మధ్య తడి ఉండిపోతుంది, మన సముద్రపు గాలికి అది అంత త్వరగా ఆరదు, తడిగా లోపలికి వదిలేస్తే బూజు పట్టి అదే కంపు మళ్లీ వస్తుంది. అద్దాలు దించి నీడలో ఒక పూట, వీలైతే రాత్రంతా కూడా ఉంచి, వేళ్లతో నొక్కి చూసి తడి లేదంటేనే క్లిప్పు తియ్యండి. హెయిర్ డ్రయ్యర్ వేడి పెట్టొద్దు. వర్షాకాలం కాకుండా శీతాకాలంలో పెట్టుకుంటే మీకే సుఖం.

ఇక చుట్టుకోకపోవడం గురించి. చాలాసార్లు తప్పు స్ప్రింగుది కాదండి, భుజం దగ్గర బెల్టు దూరే ప్లాస్టిక్ రింగుది. ఏళ్ల తరబడి జిడ్డు దాని లోపల నల్లటి పొరలా పేరుకుపోతుంది, బెల్టు దానికి అంటుకుని ఆగిపోతుంది. ఒక సన్నటి స్కేలుకి గుడ్డ చుట్టి, మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ తో తడిపి ఆ సందులో ముందుకీ వెనక్కీ తోమండి. నా మటుకు నేనైతే బెల్టు కన్నా ముందు ఈ రింగే శుభ్రం చెయ్యమంటాను. తర్వాత కూడా చుట్టుకోకపోతే మెకానిక్ కి చూపించాలి, మీరు పిల్లర్ కవర్, అంటే డోర్ పక్క స్తంభం మీదుండే ప్లాస్టిక్ మూత, విప్పొద్దు, కొన్ని కార్లలో లోపల ప్రమాదం జరిగినప్పుడు బెల్టుని బిగించే చిన్న పేలుడు చార్జి ఉంటుంది.

కడిగాక వెలుగులో మొత్తం పరీక్షగా చూడండి. అంచు చిరిగినా, కోసినట్టున్నా, దారాలు పోగుల్లా లేచినా, ఎండకి బాగా వెలిసినా, కుట్టు ఊడినా, ఒకసారి యాక్సిడెంట్ లో గట్టిగా లాగబడినా దాన్ని మార్చెయ్యాల్సిందే. చివర్లో ఠక్కున గుంజితే లాక్ అవ్వాలి, మెల్లగా లాగితే రావాలి.

అమ్మగారికి చెప్పండి, చేత్తో పట్టుకున్న బెల్టు ఏ పనికీ రాదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత బెల్టు పెట్టుకోకపోతే జరిమానా 1000 రూపాయలు, అది పక్కన పెడితే పక్క సీటు మనిషికీ డ్రైవర్ కీ దెబ్బ ఒకటే. శుభ్రమయ్యాక ఆవిడ వద్దనే కారణం కూడా పోతుంది కదండీ.

ప్రశ్న: గాజువాక నుంచి, మా వ్యాన్ లో బెల్టు కొస దూర్చే బకిల్ క్లిక్ మనదు, కొబ్బరి నూనె వేస్తే నయమా?

జవాబు: వద్దండి, నూనె దుమ్ముని లాగి ఇంకా పాడుచేస్తుంది. సాధారణంగా పిల్లలు వేసే బిస్కట్ ముక్కలు, చిల్లర, పల్లీ తొక్కలు లోపల ఉంటాయి, వ్యాక్యూమ్ తో లాగించండి, నీళ్లు పోయకండి. అప్పటికీ పట్టకపోతే కొత్త బకిల్ కొనుక్కోండి, ఆటోనగర్ లో పాత బండి నుంచి తీసింది చవగ్గా దొరుకుతుంది గానీ ఆ బండికి ఏం జరిగిందో ఎవరికీ తెలీదు, కాబట్టి మీ మోడల్ కి సరిపోయే కొత్తదే తీసుకోండి.