వీసా మీకే, బండికి కాదు

"బైక్ మీద నాలుగైదు దేశాలు దాటాలనుకుంటున్నాను, అన్నిటికీ వీసాలు తీసుకుంటే సరిపోతుందా, బండికి విడిగా ఏమైనా కావాలా?" అని అడిగారు. కావాలి. మొదటి ట్రిప్పులో నాకూ ఈ సంగతి సరిగా తెలియదు.

అప్పుడు ఒక దేశంలోకి వెళ్తుంటే ఇమ్మిగ్రేషన్ వాళ్లు పాస్‌పోర్టులో స్టాంప్ వేశారు, పక్క కౌంటర్లో కస్టమ్స్ వాళ్లు బండికి 30 రోజుల కాగితం ఒకటి ఇచ్చారు. దాన్ని మడిచి ట్యాంక్ బ్యాగులో పెట్టి మర్చిపోయాను. ఆ దేశం నచ్చి వీసా ఇంకో నెల పొడిగించుకున్నాను. బయటికి వచ్చే రోజు ముందు ఇమ్మిగ్రేషన్ లైన్లో నిలబడి ఎగ్జిట్ స్టాంప్ వేయించుకున్నాను. తర్వాత కస్టమ్స్ దగ్గరికి వెళ్తే, "బండి గడువు దాటి తొమ్మిది రోజులైంది" అన్నారు. లెక్క ప్రకారం నేను దేశం వదిలేశాను, బండి వదల్లేదు. వెనక్కి వెళ్లడానికి లేదు, ముందుకు కదలడానికి లేదు. జరిమానా కట్టి, సంతకం పెట్టాల్సిన పెద్దాయన వచ్చేదాకా కాపలా కాసి, చీకటి పడ్డాక బయటపడ్డాను. ఇప్పుడు ఎక్కడైనా సరే, అక్కడి పద్ధతి ఒప్పుకుంటే, ముందు బండి కాగితం క్లోజ్ చేయించి ఆ తర్వాతే పాస్‌పోర్టు చేతికిస్తాను.

కస్టమ్స్ వాళ్లకి మీరు టూరిస్టు కాదు. పన్ను కట్టకుండా ఒక బండిని లోపలికి తెచ్చిన మనిషి. దాన్ని అక్కడే అమ్మేసి పోతారేమోనని వాళ్ల అనుమానం. అందుకే తాత్కాలిక దిగుమతి అనే ఏర్పాటు. ఇది రెండు రకాలు. మొదటిది, చాలా దేశాల్లో బోర్డర్‌లోనే ఇచ్చే తాత్కాలిక దిగుమతి పర్మిట్ కాగితం, టీఐపీ అంటుంటారు. దాని గడువుకీ మీ గడువుకీ సంబంధం ఉండాలని లేదు. అర్జెంటీనాలో టూరిస్టుకి మామూలుగా 90 రోజులిస్తారు, బండికి 8 నెలల దాకా ఇస్తారు. షెంగెన్ దేశాల్లో, అంటే ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల్లో, మీరు 180 రోజుల్లో 90 రోజులే ఉండాలి, కానీ యూరోపియన్ యూనియన్ కస్టమ్స్ రూల్స్ ప్రకారం బయటి బండి 6 నెలలు ఉండొచ్చు. నా విషయంలో జరిగినట్టు దీనికి తిరగబడి, మీకంటే బండికే తక్కువ గడువు రావచ్చు. మెక్సికోలో అయితే బండి మోడల్ సంవత్సరాన్ని బట్టి డిపాజిట్ కట్టించుకుంటారు. గడువులోపు దాటి పర్మిట్ రద్దు చేయించుకుంటే వెనక్కి ఇస్తారు, లేటైతే అది పోయినట్టే.

రెండోది కార్నెట్, సీపీడీ అని కూడా అంటారు. బండిని తిరిగి బయటికి తీసుకెళ్తారని కస్టమ్స్ వాళ్లకి హామీగా చూపించే పుస్తకం ఇది. పాకిస్తాన్, ఇరాన్, ఇండియా, ఈజిప్ట్ లాంటి చోట్ల విదేశీ బండికి ఇదే అడుగుతారు. బండి రిజిస్టర్ అయిన దేశంలో దీన్ని ఇచ్చే ఆటోమొబైల్ క్లబ్ నుంచి బయల్దేరకముందే తెచ్చుకోవాలి, డిపాజిట్టో బ్యాంకు గ్యారంటీయో పెట్టాలి. మామూలుగా ఏడాది చెల్లుతుంది. ఒక దేశంలో ఒకసారి అడుగుపెడితే ఒక పేజీ ఖర్చు. వెళ్లి, వచ్చి, మళ్లీ అదే దేశంలోకి వెళ్తే ఇంకో పేజీ, కాబట్టి పేజీలు లెక్కేసుకుని తీసుకోండి. పేజీలో మూడు ముక్కలుంటాయి. కిందిది లోపలికి వెళ్లేటప్పుడు చింపుకుంటారు, మధ్యది బయటికి వచ్చేటప్పుడు. పైది మీ దగ్గరే ఉండిపోతుంది, దాని మీద ఎంట్రీ, ఎగ్జిట్ రెండు స్టాంపులూ పడాలి. మీ డిపాజిట్ ప్రాణం అంతా ఆ పై ముక్కలోనే ఉంది.

ఒకచోట ఆఫీసర్ మధ్య ముక్క చింపుకుని, పై ముక్క మీద స్టాంప్ వేయకుండా పుస్తకం నా చేతిలో పెట్టేశాడు. హెల్మెట్ పెట్టుకోబోతూ ఎందుకో తెరిచి చూశాను కాబట్టి సరిపోయింది. పాపం ఆయన నవ్వేసి వేసిచ్చాడు. అదే 200 కిలోమీటర్లు వెళ్లాక చూసుకుని ఉంటే? బండి వేరే దేశంలో ఉందని అక్కడి కస్టమ్స్ వాళ్ల చేత లొకేషన్ సర్టిఫికెట్ రాయించి క్లబ్‌కి పంపుకోవాలి. దారి ఉంది గానీ ఆ టెన్షన్ ఎందుకు.

ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్సీలో, కార్నెట్‌లో, బండి మీద ఒకేలా ఉన్నాయో లేదో క్లబ్ ఆఫీసులోనే ఒక్కో అక్షరం చూసుకోండి. సున్నాకి బదులు ఓ పడినా బోర్డర్‌లో పట్టుకుంటారు. బండి వేరేవాళ్ల పేరు మీద ఉంటే నోటరీ చేయించిన అనుమతి పత్రం కావాలి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌లో 1949 ఒప్పందం ప్రకారం ఇచ్చేది ఒకటి, 1968 ఒప్పందం ప్రకారం ఇచ్చేది ఒకటి. మీ దారిలోని దేశాలు ఏది ఒప్పుకుంటాయో చూసుకోండి. బండి ఇన్సూరెన్స్‌కి యూరప్‌లో గ్రీన్ కార్డు, తూర్పు ఆఫ్రికాలో కొన్ని దేశాలకి కోమెసా (అక్కడి దేశాల వ్యాపార కూటమి) ఎల్లో కార్డు, ఈ రెండూ ఒక్క కార్డుతో చాలా దేశాల్లో చెల్లుతాయి. మిగతా చోట్ల ఎక్కువగా బోర్డర్‌లోనే కొనుక్కోవడం.

వీసాల దగ్గర బైకర్లు దెబ్బతినేది ఈ-వీసాతో. కొన్ని ఈ-వీసాలు ఎయిర్‌పోర్టుల్లోనే, మరికొన్ని ఎంపిక చేసిన చెక్‌పోస్టుల్లోనే చెల్లుతాయి. మీరు దాటబోయే రోడ్డు బోర్డర్ పేరు ఆ జాబితాలో ఉందో లేదో చూశాకే అప్లై చేయండి. చైనాకి మీ వీసా ఒక్కటే చాలదు. ఏజెన్సీ ద్వారా గైడ్, అక్కడి తాత్కాలిక లైసెన్సు, నంబర్ ప్లేటు అన్నీ కావాలి. టర్కీలో బండిని మీ పాస్‌పోర్టు మీద నమోదు చేస్తారు, మధ్యలో ఏదో పనిపడి బండి అక్కడే వదిలి విమానం ఎక్కుదామంటే ముందు కస్టమ్స్‌లో దానికో ఏర్పాటు చేసుకోవాలి.

బండి పాడై గడువులోపు దాటలేమనిపిస్తే, గడువు ఉండగానే దగ్గర్లోని కస్టమ్స్ ఆఫీసుకి వెళ్లి మెకానిక్ రాసిచ్చిన కాగితంతో పొడిగింపు అడగండి. తేదీ దాటాక వెళ్తే మాట్లాడేది జరిమానా గురించే.

మీరు వెళ్లే దేశాలు వరుసగా రాయండి, ఆర్సీ ఎవరి పేరు మీద ఉందో కూడా చెప్పండి. కార్నెట్ కావాలో లేదో, కావాలంటే ఎన్ని పేజీలదో అప్పుడు చూసి చెప్తాను.