ముందు ట్రెయిలర్ సంగతి చూడు

తల్లీ,

పడవ ఫొటోలు చూశాను. పాత కెటలీనా 22 తెరచాప పడవను ఇంత చక్కగా నిలబెట్టావంటే నీ ఓపికను మెచ్చుకోవాలి. రేపో మాపో లేక్ లూయిస్‌విల్‌లో దింపాలని మనసు ఉవ్విళ్లూరుతూ ఉంటుంది. కొంచెం ఆగు. టెక్సస్ సరస్సుల దగ్గర నేను చూసినంతలో, కొత్తవాళ్లకు ఎక్కువ నష్టం తెరచాప ఎత్తాక జరగదు. రోడ్డు మీద, పడవను నీళ్లలోకి దించే ర్యాంపు మీద, పార్కింగు స్థలంలో జరుగుతుంది.

పాత పడవ కొన్నవాళ్లు పడవకు రంగులు వేస్తారు, ట్రెయిలర్‌ను పట్టించుకోరు. టైరు పక్కభాగం మీద డాట్ అని మొదలయ్యే వరుస ఉంటుంది, దాని చివరి నాలుగంకెలు చూడు. 2317 అని ఉంటే అది 2017లో ఇరవై మూడో వారంలో తయారైన టైరు. టైరు మీది గాడులు కొత్తవాటిలా కనిపించినా సరే, మార్చెయ్యి. ఏళ్ల తరబడి ఎండలో నిలబడ్డ రబ్బరును నమ్మకూడదు. చక్రాల బేరింగులు విప్పించి, శుభ్రం చేయించి, కొత్త గ్రీజు పెట్టించు. బయలుదేరాక పదిహేను, ఇరవై మైళ్లకు ఒకసారి ఆగి చక్రం నడిమి భాగాన్ని, అంటే హబ్‌ను, తాకి చూడు. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే అక్కడే ఆగిపో. సరస్సు చేరిన వెంటనే నీళ్లలోకి దించకు. వేడి హబ్ ఒక్కసారిగా చల్లబడితే లోపలి గాలి కుంచించుకుపోయి నీటిని పీల్చుకుంటుంది. మాస్ట్‌ను, అంటే తెరచాప కట్టే స్తంభాన్ని, ఎత్తే పని ఎలాగూ ఉంటుంది కాబట్టి ఆ లోపు అదే చల్లారుతుంది.

ఇక బరువు. పడవ ఒక్కటే సుమారు 2,250 పౌండ్లు. ట్రెయిలర్, మోటారు, లంగరు, సామాను కలిస్తే ఎంతవుతుందో ఊహించవద్దు, ట్రక్కులు తూచే కాటా మీద తూయించు. మొత్తం బరువులో పదో వంతైనా కారు కొక్కెం మీద పడాలి. వెనక బరువెక్కితే హైవే మీద ట్రెయిలర్ ఊగడం మొదలుపెడుతుంది, దాన్ని అదుపులోకి తేవడం అనుభవమున్నవాళ్లకే కష్టం. కారు కొక్కెం మీది ఇనుప గుండు, అంటే హిచ్ బాల్ కొలత, దాని మీద కూర్చునే ట్రెయిలర్ కప్లర్ మీద చెక్కి ఉన్న కొలత ఒకటేనా అన్నది నీ కళ్లతో నువ్వే చూసుకో. చిన్న బాల్ మీద పెద్ద కప్లర్ బిగిసినట్టే ఉంటుంది, గతుకు వచ్చినప్పుడు ఎగిరి ఊడుతుంది. గొలుసులు రెండూ కప్లర్ కింద కత్తెరలా ఒకదాన్నొకటి దాటించి తగిలించు. అప్పుడు కప్లర్ ఊడినా వాటి మీదే ఆగుతుంది, రోడ్డుకు తగలదు.

వెనక్కి నడపడం ర్యాంపు మీద నేర్చుకునే విద్య కాదు. ఆదివారం పొద్దున్నే ఏదైనా ఖాళీ పార్కింగు స్థలానికి వెళ్లు. స్టీరింగ్‌ను కింది భాగంలో పట్టుకో. ట్రెయిలర్ ఎటు పోవాలో చెయ్యి అటే జరుపు. వంకర పోతే మొండిగా సరిచేయాలని చూడకు, ముందుకు వచ్చి మళ్లీ మొదలుపెట్టు. అల్లుడిని బయట నిలబెట్టు కానీ, ఇద్దరిలో ఒక్కరే మాట్లాడాలి.

మాస్ట్ విషయంలో మాత్రం ఒకటికి రెండుసార్లు చెబుతున్నాను. అది పాతిక అడుగుల అల్యూమినియం. ఎత్తేముందు తల ఎత్తి కరెంటు తీగలున్నాయేమో చూడు. ఎత్తాక ర్యాంపు దాకా వెళ్లే దారిలోనూ చూడు. ఇది మరిచిపోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. మాస్ట్‌ను నిలబెట్టే ఉక్కు తీగల వెంట దూదిని నిమురుతూ తీసుకెళ్లు. ఒక్క పోగు తెగి ఉన్నా దూది అక్కడ చిక్కుకుంటుంది. అలాంటి తీగను ఉంచుకోవద్దు. అసలు పాతకాలం తీగలైతే అన్నీ మార్చడమే మేలు. ఇదంతా ఇంటి ముందే, గాలి లేని పూట, రెండు మూడుసార్లు చేసి చూసుకో.

నీ పడవ కీల్, అంటే అడుగున ఉండే బరువైన రెక్క, పైకీ కిందికీ కదిలే రకం కాబట్టి ఇంకో మాట. 550 పౌండ్ల పోత ఇనుము ఒక్క కేబుల్ మీద వేలాడుతుంది. ఆ కేబుల్‌నూ, కీల్ తిరిగే పిన్నునూ ఏటా చూడాలి. రోడ్డు మీద ఉన్నప్పుడు ఆ బరువు ట్రెయిలర్ మీద ఆనాలి, కేబుల్ మీద కాదు. కీల్ పూర్తిగా దింపితే పడవకు ఐదడుగుల లోతు కావాలి, డాక్ దగ్గరే దింపేయకు.

తెరచాప సంగతి నిజానికి తేలిక. మొదట నేర్చుకోవలసింది ఆగడం. షీట్లు, అంటే తెరచాపను లాగి పట్టే తాళ్లు, వదిలేసి, పడవ ముక్కును గాలికి ఎదురు తిప్పితే పడవ నిలిచిపోతుంది. ఇది చేతికి వచ్చేదాకా వేరే ఏదీ ప్రయత్నించకు. చుక్కాని పిడిని ఎటు నెడితే ముక్కు దానికి ఎదురువైపు తిరుగుతుంది, అది ఒక పూటలో అలవాటవుతుంది. గంటకు ఐదు నుంచి పది మైళ్ల గాలి ఉన్న ఉదయాలనే ఎంచుకో. వసంతంలో ఇక్కడ మధ్యాహ్నానికి దక్షిణపు గాలి జోరందుకుంటుంది. ఉత్తరం నుంచి చలిగాలి దిగేరోజైతే నిమిషాల్లో దిశే మారిపోతుంది. తెరచాప కుదించాలా అన్న అనుమానం వచ్చిన క్షణమే కుదించు. గాలి వెనక నుంచి వీస్తున్నప్పుడు తెరచాప కింది అంచున ఉండే అడ్డకర్ర, బూమ్, ఒక్కసారిగా అటునుంచి ఇటు విసురుగా వస్తుంది, అందరి తలలూ కిందికి ఉండాలి. క్లబ్బుల్లో సాయంత్రం పందేలు జరిగినప్పుడు పడవల్లోకి మనిషి సాయం కావాలని చూస్తుంటారు. వెళ్లి అడుగు. వాళ్లతో ఒక వేసవి తిరిగితే నీకు రావలసినవి చాలావరకు వస్తాయి.

చిన్నదాన్ని తీసుకెళ్తావు కదా. 26 అడుగుల లోపు పడవ కదులుతున్నప్పుడు పదమూడేళ్ల లోపు పిల్లలు లైఫ్ జాకెట్ తొడుక్కునే ఉండాలని టెక్సస్ చట్టం. నువ్వు కూడా తొడుక్కో, నిన్ను చూసే అది తొడుక్కుంటుంది. తిరిగి వచ్చేటప్పుడు పడవలోని నీళ్లన్నీ అక్కడే ఖాళీ చెయ్యాలి, అదీ చట్టమే. లూయిస్‌విల్‌లో జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు ఉన్నాయి, అవి నీ పడవతో ఇంకో సరస్సుకు పోకూడదు.

కాటా చీటీ చేతికి రాగానే ఫోన్ చెయ్యి. కొక్కెం మీద బరువు తక్కువైతే లంగరు, మోటారు ఎక్కడికి జరపాలో అంకెలు చూసి చెబుతాను.

నీ మామయ్య