ఈఆర్‌సీపీలో రాయి రాలేదు, స్టెంట్ వేశారు: ఇక ఆపరేషన్ తప్పదా?

మీ నాన్నగారికి పిత్తనాళంలో (కాలేయం నుంచి పైత్యరసం పేగులోకి పారే గొట్టం) 18 మిల్లీమీటర్ల రాయి ఉందని, ఈఆర్‌సీపీలో, అంటే నోట్లోంచి ఎండోస్కోపు పంపి రాయి తీసే పద్ధతిలో, రాకపోతే స్టెంట్ అనే సన్న గొట్టం వేసి పంపారని, ఇక పొట్ట కోయాల్సిందేనా అని అడిగారు. రెండేళ్ల కిందట మా అమ్మకూ ఇదే జరిగింది. చివరికి కోత లేకుండానే రాయి పోయింది. కానీ మధ్యలో ఒక పొరపాటు జరిగింది, ముందు అది చెప్తాను.

స్టెంట్ వేశాక అమ్మకు కామెర్లు తగ్గాయి, అన్నం సయించింది. గండం గడిచిందనుకున్నాం. డిశ్చార్జి కాగితంలో మందుల పట్టిక కింద, మూడు నెలలకు మళ్లీ రావాలని చిన్న అక్షరాల్లో ఉంది. ఎవరూ నోటితో చెప్పలేదు, మేమూ చదవలేదు. ఆరో నెలలో ఒక రాత్రి, రెండు దుప్పట్లు కప్పినా మంచం కదిలేంతగా అమ్మ వణికిపోయింది. తెల్లారేసరికి కళ్లు పచ్చబడ్డాయి. స్టెంట్ పూడుకుపోయి, పైత్యరసం నిలిచి, ఇన్ఫెక్షన్ రక్తంలోకి ఎక్కింది. నాలుగు రోజులు ఐసీయూలో ఉంచాల్సి వచ్చింది. ప్లాస్టిక్ స్టెంట్ రసం పారడానికి వేసిన తాత్కాలిక దారి, అంతే. రాయి లోపల అలాగే ఉంటుంది. నాన్నగారికి స్టెంట్ వేసిన తేదీ, మార్చాల్సిన తేదీ ఇవాళే క్యాలెండర్ మీద రాసి పెట్టండి. ఈలోపు చలిజ్వరం గానీ, కళ్లు పచ్చబడటం గానీ కనిపిస్తే మర్నాటిదాకా ఆగకండి.

ఇక రాయి సంగతి. ఈఆర్‌సీపీలో పిత్తనాళం పేగులోకి తెరుచుకునే చోట కాస్త కోసి, అవసరమైతే బెలూన్‌తో సాగదీసి, తీగల బుట్టతో రాయిని లాగుతారు. రాయి ఒకటిన్నర సెంటీమీటరు దాటినా, కింద నాళం సన్నగా ఉన్నా చాలాసార్లు అది దిగదు. అప్పుడు లోపలే పగలగొట్టాలి. పాత పద్ధతిలో బుట్టలో రాయిని పట్టి, దాన్ని లోహపు గొట్టానికి అదిమి బిగిస్తూ నలిపేస్తారు. చాలామందికి అది సరిపోతుంది. అమ్మ రాయి నాళం నిండా ఇరుక్కుని ఉండటంతో బుట్ట దాని చుట్టూ తెరుచుకోలేదు.

రెండోసారి హైదరాబాద్‌లో కొలాంజియోస్కోపీ చేశారు. ఆస్పత్రుల్లో స్పైగ్లాస్ అంటే తెలుస్తుంది. పెద్ద ఎండోస్కోపు లోంచి మూడున్నర మిల్లీమీటర్ల మందం ఉన్న చిన్న కెమెరా గొట్టాన్ని నేరుగా నాళంలోకి పంపుతారు. డాక్టరుగారు తర్వాత వీడియో చూపించారు. రాయి నల్లబడ్డ పాత బెల్లం ముద్దలా ఉంది. సన్నటి లేజర్ తీగ కొన దానికి ఆనించి, నీళ్లు పోస్తూ కాలుస్తుంటే అంచులు పొడిపొడిగా రాలాయి. కొన పక్కకు జరిగి నాళం గోడకు తగిలితే ప్రమాదం, అందుకే కంటితో చూస్తూ చేయాలి. కొన్నిచోట్ల లేజర్ బదులు కరెంటు స్పార్క్‌తో చేస్తారు. రెండూ పనిచేస్తాయి. డాక్టరుకు దేనిలో చెయ్యి తిరిగిందో అదే మంచిదని నా అభిప్రాయం.

ఈఆర్‌సీపీ తర్వాత క్లోమం (ప్యాంక్రియాస్) వాచే అవకాశం ఉంటుంది. అది తగ్గడానికి మలద్వారంలో డైక్లోఫెనాక్ మందు పెడతారు, పెడతారా అని ముందే అడగండి. అమ్మకు ఒక రాత్రి కడుపునొప్పి వచ్చి తగ్గింది.

కింద కామెంట్లలో ఒకరు క్లోమనాళంలో రాయి గురించి కూడా అడిగారు. అవి కాల్షియంతో గట్టిపడ్డ రాళ్లు. 5 మిల్లీమీటర్లు దాటితే ముందు బయటినుంచి షాక్ వేవ్స్‌తో పొడి చేసి, తర్వాత అవసరమైతే ఈఆర్‌సీపీతో ముక్కలు తీస్తారు. హైదరాబాద్ ఏఐజీ ఆస్పత్రిలో దీనికి చాలా ఏళ్ల అనుభవం ఉంది.

సర్జన్ ఆపరేషన్ అన్నారంటే తప్పు పట్టకండి. గాల్‌బ్లాడర్ ఇంకా లోపలే ఉంటే దాన్ని ఎలాగూ తీయాలి, లాప్రోస్కోపీలో (చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్) గాల్‌బ్లాడర్, రాయి రెండూ ఒకేసారి తీసే సర్జన్లు ఉన్నారు. లేజర్ ఎవరు చేస్తారు, నెలకు ఎన్ని చేస్తారు, ఆ కెమెరా గొట్టం ఖర్చు ఇన్సూరెన్స్‌లో వస్తుందా అని అడిగి అప్పుడు తేల్చుకోండి. ఆ గొట్టం ఒక్కసారికే వాడేది, బిల్లు దానితోనే పెరుగుతుంది.

నాన్నగారు గుండెకు రక్తం పలుచబడే మాత్రలు వేసుకుంటున్నారని రాశారు. ఆ సంగతి ఎండోస్కోపీ డాక్టరుకు, గుండె డాక్టరుకు ఇద్దరికీ ముందే చెప్పండి. మీ అంతట మీరు మాత్రం ఒక్క మాత్రా ఆపకండి.